లారీ స్టీరింగ్ భాగాల ఎంపిక: బలపరచడం, మార్చడం

లారీ ముందు చక్రాలను తిప్పే భాగాలు అరిగినా, వంగినా, మోసే బరువుకు చాలకపోయినా యజమాని ముందు మూడు దారులుంటాయి. కంపెనీ ఇచ్చిన రకం భాగాన్నే కొత్తది తెచ్చి వేయడం మొదటిది. ఉన్న భాగానికే తొడుగో పట్టీయో బ్రాకెట్టో జోడించి బలపరచడం రెండోది. దానికన్నా దృఢమైన వేరే భాగానికి మారడం మూడోది. లావుపాటి ఇనుము వేస్తే భద్రత పెరుగుతుందన్న నమ్మకం షెడ్లలో గట్టిగా ఉంది. కానీ స్టీరింగ్ విషయంలో ఒక భాగం బలం పెరిగితే దెబ్బ మాయం కాదు, పక్క భాగానికి మారుతుంది. అది ఎక్కడికి చేరుతుందో తెలిశాకే ఎంపిక చేయాలి. మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో తిరిగే ధాన్యం లారీలు, ఇసుక టిప్పర్లు, డీసీఎం అనే చిన్న లారీలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం ఆ మూడు దారులను పరిశీలిస్తుంది.

ప్రాంతం, రవాణా

పాపన్నపేట మంజీర నది పరీవాహకంలోని వరి ప్రాంతం. నిజాం పాలనలో 1905లో కట్టిన ఘన్‌పూర్ ఆనకట్ట నుంచి ఫతే నహర్ కాలువ ఈ వైపు పొలాలకు నీళ్ళిస్తుంది. మంజీర ఏడు పాయలుగా చీలే చోట, నాగ్సాన్‌పల్లి దగ్గర వనదుర్గా భవాని ఆలయం ఉంది. మహాశివరాత్రికి జరిగే ఏడుపాయల జాతరకు ట్రాక్టర్లు, డీసీఎంలు, బస్సులు బారులు తీరుతాయి. ఒకప్పుడు మంబోజిపల్లి చక్కెర కర్మాగారానికి చెరకు బండ్లు వెళ్ళేవి; 2015 చివర అది మూతపడ్డాక ఈ దారులపై ప్రధాన సరుకు ధాన్యమే.

కోతల కాలంలో బండి పని రెండు రకాల నేలపై సాగుతుంది. కొనుగోలు కేంద్రం దగ్గర ఇరుకు మట్టి దారిలో, లోడుతో, దాదాపు నిలబడ్డ చోటే చక్రాలు తిప్పాలి. ఆ తర్వాత తారు రోడ్డెక్కి మెదక్ మీదుగా మిల్లుకు వేగంగా పోవాలి. మొదటి పని టై రాడ్‌ను, స్టీరింగ్ బాక్స్‌ను నలిపేస్తుంది. రెండో పనిలో జాయింట్లలో ఉన్న కొద్దిపాటి వదులు కూడా ప్రమాదంగా మారుతుంది.

సరుకు స్వభావమూ ముఖ్యమే. ధాన్యం ఘనమీటరుకు సుమారు 550 నుంచి 600 కిలోలు తూగితే, తడి ఇసుక 1,800 కిలోల పైన తూగుతుంది. 40 కిలోల బస్తాలు 250 వేస్తే 10 టన్నులు. ధాన్యం బండి నిండుగా కనిపించినా బరువు పరిమితిలోనే ఉండవచ్చు. ఇసుక బండి సగం ఖాళీగా కనిపిస్తూనే పరిమితి దాటిపోతుంది. ముందు యాక్సిల్ మీద పడే అదనపు బరువును స్టీరింగ్ భాగాలే మోయాలి.

స్టీరింగ్ అమరిక

మన లారీల్లో ఎక్కువ భాగానికి ముందు యాక్సిల్ ఒకే ఫోర్జింగ్ బీమ్. డ్రైవరు స్టీరింగ్ తిప్పితే కాలమ్ ద్వారా ఆ తిప్పుడు స్టీరింగ్ బాక్స్‌కు చేరుతుంది. బాక్స్ నుంచి కిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. డ్రాగ్ లింక్ అనే రాడ్ ఆ కదలికను డ్రైవరు వైపు, అంటే కుడి చక్రాన్ని పట్టి తిప్పే స్టబ్ యాక్సిల్‌కు అందిస్తుంది. కుడి చక్రం నుంచి ఎడమ చక్రానికి కదలికను అడ్డంగా మోసేది టై రాడ్. స్టబ్ యాక్సిళ్ళు కింగ్ పిన్‌ల చుట్టూ తిరుగుతాయి. రాడ్ల చివర్లలో బాల్ జాయింట్లుంటాయి; వాటి స్టడ్‌లు ఆర్మ్‌ల రంధ్రాల్లో బిగుస్తాయి.

ఈ వరుసను బట్టే ఏది విరిగితే ఏమవుతుందో చెప్పవచ్చు. టై రాడ్ తెగితే ఎడమ చక్రం తన ఇష్టానికి తిరుగుతుంది, కుడి చక్రం మాత్రం డ్రైవరు మాట వింటుంది. డ్రాగ్ లింకో డ్రాప్ ఆర్మో తెగితే రెండు చక్రాలూ ఒకేసారి చేతి నుంచి పోతాయి. అందుకే వీటిలో దేన్నీ ‘పని నడిస్తే చాలు’ అన్న లెక్కలో చూడకూడదు.

మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలన్న సూత్రాన్ని మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ రూపొందించగా, 1818లో ఇంగ్లండ్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరిట పేటెంటు నమోదైంది. స్టబ్ యాక్సిల్ ఆర్మ్‌ల వంపు, టై రాడ్ పొడవు ఈ సూత్రాన్ని నిలబెడతాయి. లేత్ షాపులో రాడ్ పొడవు మార్చినా, ఆర్మ్‌ను కాల్చి వంచినా ఈ లెక్క తప్పి టైర్లు రంపం పళ్ళలా అరుగుతాయి.

భారతదేశంలో లారీ స్టీరింగ్

1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ లారీలు వచ్చాయి. వాణిజ్య వాహనాల్లో పవర్ స్టీరింగ్‌ను మొదట అశోక్ లేలాండ్ 1969లో తెచ్చింది. 1980ల్లో జపాను సాంకేతికతతో తేలికపాటి లారీలు రంగంలోకి దిగాయి. అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం పనిచేసింది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్ళింది. ఇదే కాలంలో వచ్చిన డీసీఎం టయోటా బండి పేరు తెలంగాణలో చిన్న లారీలన్నింటికీ వాడుక పేరైపోయింది. టాటా 407 రోడ్డెక్కింది 1986లో.

భాగాల తయారీలో చెన్నైకి చెందిన రాణే సంస్థలు, 1981లో పుణేలో మొదలైన జెడ్ఎఫ్ స్టీరింగ్ గేర్ ఇండియా ప్రధానమైనవి. షెడ్లలో ‘కంపెనీ సామాను’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి: లారీ కంపెనీ ముద్రతో వచ్చిన భాగం, లేదా ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు తన సొంత పేరుతో అమ్మే భాగం. రెండూ నమ్మదగినవే. ఈ రెండింటికీ బయట ఉన్నది ‘లోకల్’. అట్టపెట్టె అచ్చం అలాగే ఉండి లోపల నకిలీ ఉంటే అది ‘డూప్లికేట్’.

భాగాలు చెడే తీరు

స్టీరింగ్ భాగాలు మూడు రకాలుగా చెడతాయి. ఒకటి అరుగుదల. బాల్ జాయింట్ రబ్బరు టోపీ చిరిగి, లోపలికి దుమ్మూ నీరూ చేరి, గ్రీజు స్థానంలో రాపిడి పొడి మిగులుతుంది. కళ్ళాల దుమ్ము, బురద ఉన్న చోట ఇది త్వరగా జరుగుతుంది. రెండోది వంగడం. గుంతలో చక్రం పడి టై రాడ్ మీద ఒత్తిడి పడితే రాడ్ విల్లులా వంగుతుంది. మూడోది అలసట. లోహంలో కంటికి కనపడని చీలిక పుట్టి, లక్షల కుదుపుల్లో పెరిగి, ఒకరోజు తెగిపోతుంది. స్టడ్ మెడ, మరల చివర, వెల్డింగ్ అంచు దీనికి అనువైన చోట్లు.

వంగిన టై రాడ్ హెచ్చరిక ఇస్తుంది: స్టీరింగ్ ఒక పక్కకు ఉంటుంది, టైరు అరుగుతుంది, బండి లాగుతుంది. చీలిక ఏ హెచ్చరికా ఇవ్వదు. తయారీదారులు టై రాడ్ గొట్టం వంగేలా, స్టడ్, డ్రాప్ ఆర్మ్ తెగకుండా ఉండేలా లోహాన్ని, మందాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

కంపెనీ భాగాన్ని బలపరచడం

తొడుగు. టై రాడ్ మీద మందపు గొట్టాన్ని ఎక్కించి క్లాంపులతో బిగించే పద్ధతి ఇది. వంగే శక్తి మధ్యలోనే ఎక్కువ కాబట్టి రాడ్ వంగకుండా తొడుగు ఆపుతుంది. లావు ఒక్కటే కాదు, లోహం కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 25 మి.మీ. ఘన కడ్డీతో పోలిస్తే, బయట 32, లోపల 24 మి.మీ. ఉన్న గొట్టంలో ఉక్కు 28 శాతం తక్కువ. అయినా వంపును తట్టుకునే గట్టితనం 1.8 రెట్లు ఎక్కువ. 1,400 మి.మీ. పొడవున, చివరలు కీలుపై తిరిగే రాడ్‌గా లెక్కిస్తే ఆ కడ్డీ సుమారు 2 టన్నుల ఒత్తిడికి, ఆ గొట్టం సుమారు 3.6 టన్నులకు వంగిపోతాయి. పొడవు సగమైతే తట్టుకునే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

పట్టీ వెల్డింగ్. రాడ్ పొడవునా యాంగిల్ ముక్కను వెల్డ్ చేయడం అందరికీ తెలిసిన చిట్కా. మధ్యలో బలం పెరుగుతుంది నిజమే. కానీ వెల్డింగ్ వేడికి ఉక్కు స్వభావం మారి, అతుకు అంచు చీలికకు తలుపు తెరుస్తుంది. స్టీరింగ్ ఆర్మ్, డ్రాప్ ఆర్మ్, స్టబ్ యాక్సిల్, స్టడ్, బీమ్ వంటి వేడిశుద్ధి చేసిన భాగాల మీద వెల్డింగ్ అస్సలు తగదు. వంగిన రాడ్‌ను కాల్చి సాపు చేయడమూ ఇలాంటిదే. చూపుకు సూటిగా ఉన్నా లోపల బలం పోయి ఉంటుంది.

స్టీరింగ్ బాక్స్ బిగింపు. పాత బండ్లలో బాక్స్‌ను పట్టిన ఛాసిస్ రంధ్రాలు కోలగా అరిగి, స్టీరింగ్ తిప్పగానే బాక్సే కదులుతుంది. ఇక్కడ బోల్టులతో బిగించే అదనపు ప్లేట్ నిజంగా ఉపయోగపడే బలపరచడమే, ఎందుకంటే అది కదలికనే ఆపుతోంది. ఛాసిస్ అంచుల మీద అడ్డంగా వెల్డింగ్ వేయకుండా మాత్రం చూసుకోవాలి.

డ్యాంపర్. స్టీరింగ్‌కు అడ్డంగా పెట్టే షాక్ అబ్సార్బర్ ఊపును తగ్గిస్తుంది. వదులు జాయింట్లున్న బండికి దీన్ని బిగిస్తే లోపం అలాగే ఉంటుంది, గుర్తు మాత్రం మాయమవుతుంది.

దృఢమైన భాగాలకు మారడం

ఒకే కంపెనీ పెద్ద మోడల్ నుంచి భాగం తెచ్చి వేయడం మొదటి రకం. పక్కా లెక్కతో చేస్తే ఇది బాగానే నడుస్తుంది. చూడాల్సిన చిన్న విషయాల్లో ముఖ్యమైనది స్టడ్ వాలు. యూరప్ సంప్రదాయంలో చాలా స్టడ్‌లు 1:10 వాలుతో, అమెరికా సంప్రదాయంలో 1:8 వాలుతో ఉంటాయి. తేడా ఉన్న స్టడ్‌ను ఆర్మ్ రంధ్రంలో బిగిస్తే నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, స్టడ్ మాత్రం పైనో కిందనో ఒక అంచున మాత్రమే ఆనుతుంది. లోడు పడ్డ కొద్దీ అక్కడ ఊగి, తెగుతుంది.

లేత్ షాపులో కొత్తగా తయారు చేయించడం రెండో రకం. ఇక్కడ లోహం పేరు అడగాలి. మామూలు ఈఎన్ 8 కడ్డీకీ క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఈఎన్ 19 కడ్డీకీ బలంలో చాలా తేడా. గొట్టమైతే అతుకు ఉన్న ఈఆర్‌డబ్ల్యూ కన్నా అతుకు లేని సీమ్‌లెస్ మేలు. ఏ ఉక్కో చెప్పలేని చోట స్టీరింగ్ భాగం చేయించకూడదు.

రేసు బండ్లలో వాడే రాడ్ ఎండ్ బేరింగులు మూడో రకం. అవి దృఢంగా ఉంటాయి, ఆట (వదులు) ఉండదు. రబ్బరు టోపీ కూడా ఉండదు. ధాన్యం కళ్ళాల దుమ్ములో అవి ఎక్కువ కాలం నిలవవు. చట్టరీత్యా కూడా రబ్బరు టోపీ లేని బాల్ జాయింట్ చెల్లదు.

యాంత్రిక స్టీరింగ్ ఉన్న పాత బండికి పవర్ స్టీరింగ్ అమర్చడం నాలుగో రకం. చేతులకు హాయి. కానీ ఇంతకుముందు భారం ఎక్కువైతే డ్రైవరు చేతికి తెలిసి ఆగేవాడు. ఇప్పుడు హైడ్రాలిక్ ఒత్తిడి ఆగదు. చక్రం రాయికి ఆనుకుని ఉన్నా, పూర్తి మలుపుకు చేరాక కూడా పట్టి నొక్కితే ఆ బలమంతా టై రాడ్, స్టాప్ బోల్టుల మీద పడుతుంది. కాబట్టి పవర్ స్టీరింగ్‌తో పాటు స్టాప్ సర్దుబాటు, టై రాడ్ స్థాయి కూడా సరిచూడాలి.

బలం మారే చోటు

టై రాడ్‌ను మాత్రమే బలపరిస్తే ఏమవుతుందో అమెరికా పికప్ వాహనాల అనుభవం చూపుతుంది. జనరల్ మోటార్స్ వారి డ్యూరామాక్స్ ఇంజన్ పికప్‌లలో పెద్ద టైర్లు, పెంచిన ఇంజన్ బలం వల్ల టై రాడ్‌లు వంగితే యజమానులు తొడుగులు వేశారు. రాడ్ నిలిచింది, భారం లోపలి జాయింట్ల మీదికి, పిట్‌మన్, ఐడ్లర్ ఆర్మ్‌ల మీదికి మారింది. దాంతో ఆ ఆర్మ్‌లకు కూడా ఆధారాలు బిగించాల్సి వచ్చింది. పిట్‌మన్ ఆర్మ్ అంటే మన డ్రాప్ ఆర్మే; ఐడ్లర్ ఆర్మ్ అవతలి వైపు దానికి జోడీగా ఉండేది. పటిష్ఠం చేయడం మొదలుపెడితే ఒకచోట ఆగడం కష్టమన్నమాట.

భాగం దృఢంగా ఉన్నా బిగింపు తప్పితే ఫలితం లేదని 2013 నవంబరులో అమెరికాలో జరిగిన రీకాల్ తెలిపింది. రామ్ పికప్‌ల టై రాడ్‌లను పరీక్షించేందుకు సుమారు 12 లక్షల వాహనాలను వెనక్కి పిలిచారు. బిగించే సమయంలో బాల్ స్టడ్‌ను సరైన కోణంలో నిలపకపోతే అది అడ్డంగా ఒరిగి, క్రమంగా విరిగే అవకాశం ఉందని తేలింది. అలైన్‌మెంట్ చేసి క్లాంపు బిగించే ముందు రెండు చివరల బాల్ జాయింట్లూ ఒకే తలంలో ఉన్నాయో లేదో కళ్ళతో చూడాలన్నది మన మెకానిక్‌లకూ పనికొచ్చే పాఠం.

ముందు కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయడం కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. బండి ఎత్తు పెరిగితే డ్రాగ్ లింక్ కోణం మారి, గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే తిరుగుతుంది. దాన్ని సరిచేయాలని లోతైన డ్రాప్ ఆర్మ్ వేస్తే స్టీరింగ్ బాక్స్ షాఫ్టు మీద మెలిపెట్టే భారం పెరుగుతుంది.

పరీక్ష

కొత్తది కొనే ముందు పాతది ఎందుకు చెడిందో తెలియాలి. అందుకు పరికరాలు పెద్దగా అక్కర్లేదు. బండి నేల మీద ఉండగానే ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా ఇటూ అటూ కదుపుతుంటే, ఇంకొకరు కిందికి దిగి ప్రతి జాయింట్ మీద చేయి వేయాలి. ఒక వైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదిలే చోటు లోపమున్న చోటు. తర్వాత యాక్సిల్‌ను జాకీ మీద ఎత్తి టైరును పైనా కిందా పట్టి ఊపాలి. ఆట ఉంటే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపాలి. ఆట పోతే హబ్ బేరింగ్ వదులు. ఉంటే కింగ్ పిన్, బుష్ అరిగాయి. టైరును అడ్డంగా, రెండు పక్కలా పట్టి ఊపితే టై రాడ్ జాయింట్ల సంగతి బయటపడుతుంది.

కింగ్ పిన్‌కు గ్రీజు కొట్టేటప్పుడు యాక్సిల్ జాకీ మీద ఉండాలి. బరువు ఆని ఉన్నప్పుడు కొడితే రాపిడి పడే వైపుకు గ్రీజు చేరదు. క్యాజిల్ నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి వదలకూడదు. తర్వాతి గాడి వచ్చేదాకా ముందుకే బిగించాలి. ఒకసారి వాడిన స్ప్లిట్ పిన్ మళ్ళీ వాడకూడదు. టై రాడ్ చివరి మరలు గొట్టం లోపలికి రెండు వైపులా సమానంగా, తగినంత లోతుకు ఎక్కాయో లేదో చూడాలి. ఇవి చేయకుండా వేసిన ఖరీదైన భాగం పాత భాగం కన్నా ముందే చెడవచ్చు.

చట్టం

కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలు మించకూడదు. బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు టోపీలుండాలి. బోల్టులు, పిన్నులు కదలకుండా లాకై ఉండాలి. 500 మి.మీ. వ్యాసమున్న చక్రం అంచున 30 డిగ్రీలంటే సుమారు 13 సెం.మీ. అది చట్టం ఒప్పే చివరి హద్దు. మంచి స్థితిలో ఉన్న బండిలో ఆట అంతకన్నా చాలా తక్కువ ఉండాలి.

రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా అవసరం. స్వయంచాలిత పరీక్షా కేంద్రాల్లో స్టీరింగ్ ఆట, జాయింట్ల వదులు, చక్రాల పక్కజారుడు యంత్రాలతో కొలుస్తారు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో వేరుపడేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ప్రతి మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన భాగం బదులు అదే రకం కొత్త భాగం వేయడం మార్పు కాదు, మరమ్మతు. యాక్సిల్‌నే మార్చడం, స్టీరింగ్ రకం మార్చడం వంటి పనులకు ముందుగా రవాణా అధికారిని అడిగి, బీమా సంస్థకు తెలపడం క్షేమం.

ఎంపిక క్రమం

పాపన్నపేట వంటి చోట పనిచేసే బండికి ఈ క్రమం సరిపోతుంది. మొదట వదులు తీయాలి: కింగ్ పిన్, బుష్, బాల్ జాయింట్లు, బాక్స్ బిగింపు. బండి ఊగుతోందన్న ఫిర్యాదుల్లో చాలా వరకు ఇక్కడే తీరుతాయి. రెండోది, వంగిన లేదా అరిగిన భాగం స్థానంలో అదే రకం కంపెనీ సామాను వేయాలి. ఊళ్ళో దొరకని భాగం కోసం హైదరాబాద్‌లోని ఆటోనగర్ లేదా రాణీగంజ్ వెళ్ళేవారు పాత భాగాన్ని వెంట తీసుకెళ్ళి స్టడ్ వాలు, మర, పొడవు పక్కపక్కనే పెట్టి చూసుకోవాలి. మూడోది, బాక్స్ కూర్చునే చోటు వంటి కదలిక ఉన్న చోట మాత్రమే బోల్టు ప్లేట్లతో బలపరచాలి. వంగడానికి నిర్దేశించిన టై రాడ్‌కు లావు పెంచాలనుకుంటే, ఆ బలాన్ని అందుకునే డ్రాప్ ఆర్మ్, స్టడ్‌లు, బాక్స్ కూడా అదే స్థాయివని తేలాలి.

చివరి ప్రశ్న బరువుది. 2018లో కేంద్రం రెండు టైర్ల ముందు యాక్సిల్ బరువు పరిమితిని పెంచింది. అయితే పాత బండి యాక్సిల్, స్టీరింగ్ ఏ బరువుకు రూపొందాయో ఆ బరువే వాటికి హద్దు. చట్టం పెంచినంత మాత్రాన లోహం బలం పెరగదు. సరైన కంపెనీ రాడ్, సరైన బిగింపు, నిండైన గ్రీజు ఉండి కూడా ఏ ప్రమాదమూ లేకుండా టై రాడ్ మళ్ళీ వంగిందంటే ముందు బండిని కాంటా ఎక్కించి యాక్సిల్ వారీగా తూచాలి. ఇసుకో ధాన్యమో క్యాబిన్ వైపు ఎక్కువ పేర్చారని తేలితే లోడును వెనక్కి జరపడం, తగ్గించడం సరిపోతాయి. తూకం హద్దులోనే ఉన్నా రాడ్ వంగుతుంటే అప్పుడే పెద్ద భాగం సంగతి ఆలోచించాలి.